బ్యారీ వాగు ఒడ్డున సీనియర్ ఓపెన్

బుధవారం, 2024 జూలై 24

యాభై నిండిన గోల్ఫ్ ఆటగాళ్ల పోటీ సీనియర్ ఓపెన్ చూడటానికి స్కాట్లండ్‌లోని కార్నూస్టీకి బయలుదేరాను. ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్‌లో రైలెక్కి అక్కడికి చేరేలోగా రెండు పెద్ద వంతెనలు దాటాలి. మొదటిది ఫోర్త్ నది సముద్రంలో కలిసేచోట 1890లో పూర్తయిన ఎర్రని ఉక్కు వంతెన. రెండోది డండీ నగరానికి ముందు టే నది మీద 1887లో తెరిచిన పొడవాటి వంతెన. అంతకుముందు అక్కడున్న వంతెన 1879 డిసెంబరు 28 రాత్రి పెనుగాలికి, పైన రైలు నడుస్తుండగానే కూలిపోయింది. దాని స్తంభాల మొదళ్లు నేటికీ కొత్త వంతెన పక్కన నీళ్లలో వరుసగా కనిపిస్తాయి. ఈ తీరపు గాలి ఎంత బలమైనదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో గోల్ఫ్ ఆడే మా బావ నాతో వచ్చాడు. పోయినవారమే ట్రూన్‌లో అన్ని వయసులవారూ ఆడే అసలు ఓపెన్ జరిగి జాండర్ షాఫెలే గెలిచాడు. దానిని వదిలేసి యాభై దాటినవాళ్ల ఆట కోసం నేను రావడం అతనికి విడ్డూరంగా ఉంది. "ముసలి హీరోల సినిమాకు మొదటిరోజు టికెట్ కొన్నట్టుంది నీ వ్యవహారం" అని దారిపొడవునా ఆటపట్టించాడు. నా లెక్క వేరు. ఓపెన్‌లో గోల్ఫ్ చూడాలంటే ముందు జనం భుజాల మీదుగా తొంగిచూడాలి. సీనియర్ల పోటీలో తాడు పక్కనే నిలబడి ఆటగాడూ, అతని సంచి మోసే సహాయకుడైన కేడీ మాట్లాడుకునేది వింటూ పద్దెనిమిది హోల్స్, అంటే మొదటి దెబ్బ నుంచి బంతిని రంధ్రంలో వేసేదాకా సాగే పద్దెనిమిది ఆటదారులు, నడవవచ్చు. పైగా సముద్రతీరపు కోర్సులో, అంటే గోల్ఫ్ మైదానంలో, ఆటగాడి నేర్పు బయటపడాలంటే అతనికి బలం కాస్త తగ్గిన వయసే మేలని నాకు చాలాకాలంగా ఒక నమ్మకం ఉంది.

సీనియర్ ఓపెన్ 1987లో టర్న్‌బెరీలో మొదలైంది. అప్పుడు నీల్ కోల్స్ గెలిచాడు. తరువాతి కాలంలో గ్యారీ ప్లేయర్, టామ్ వాట్సన్ మూడేసి సార్లు, బెర్న్‌హార్డ్ లాంగర్ నాలుగు సార్లు దీనిని గెలుచుకున్నారు. యాభై నిండిన ప్రొఫెషనల్ ఆటగాళ్లకు ఏటా ఐదు మేజర్ (అన్నిటికంటే ముఖ్యమైన) చాంపియన్‌షిప్‌లు ఉంటే నాలుగు అమెరికాలోనే జరుగుతాయి, 2003లో మేజర్ హోదా పొందిన ఇదొక్కటే అట్లాంటిక్‌కు ఇవతల జరుగుతుంది. కార్నూస్టీకి ఇది లోగడ 2010లోనూ 2016లోనూ వచ్చింది. మొదటిసారి లాంగర్, రెండోసారి ఇంగ్లండ్‌కు చెందిన పాల్ బ్రాడ్‌హర్స్ట్ గెలిచారు.

స్టేషన్‌లో దిగి కొద్దిదూరం నడిస్తే కోర్సు వచ్చేస్తుంది. మొదటిసారి చూసినవారికి ఇది అందంగా కనిపించదని ముందే చెప్పడం న్యాయం. కొండలు లేవు, సరస్సులు లేవు, చెట్లు తక్కువ. ఇసుకనేల మీద పొట్టి గడ్డి, పసుపుపచ్చని పూలు పూసే ముళ్లపొదలు, మట్టిగడ్డలు పేర్చి గోడలా నిలబెట్టిన లోతైన ఇసుక గుంటలు (బంకర్లు), వీటన్నిటి మధ్య మెలికలు తిరుగుతూ పోయే బ్యారీ వాగు. ఒక పక్క రైలు మార్గం, మరో పక్క సైనికుల తర్ఫీదు మైదానం. చివరి గ్రీన్ (రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) వెనుక పెద్ద హోటల్ ఒకటి ఉంది.

ఈ గడ్డ ఏ ఒక్క క్లబ్బు సొత్తూ కాదు. ఊళ్లోని క్లబ్బులన్నీ ఇక్కడే ఆడుకుంటాయి, రుసుము కట్టినవాళ్లెవరైనా ఆడవచ్చు. ఇంత సామాన్యమైన ఊరు అమెరికాకు గోల్ఫ్ నేర్పిందంటే మా బావ నమ్మలేదు. వంద, నూటపాతికేళ్ల క్రితం ఇక్కడి యువకులు వందలమంది అక్కడి క్లబ్బుల్లో ఉద్యోగాలకు ఓడలెక్కారు. వారిలో విల్లీ స్మిత్ 1899లో, అతని అన్న అలెక్స్ 1906లోనూ 1910లోనూ యు.ఎస్. ఓపెన్ గెలిచారు. అమెరికా గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్ చిన్నప్పుడు అట్లాంటాలో చూసి చూసి అనుకరించిన స్వింగ్ కూడా కార్నూస్టీ నుంచి వెళ్లిన స్టీవర్ట్ మెయిడెన్‌దే. పదో హోల్‌కు 'సౌత్ అమెరికా' అనే పేరు రావడానికి కారణం ఆ వలసలే. దక్షిణ అమెరికాకు బయలుదేరిన ఊరి కుర్రవాడొకడు వీడ్కోలు విందులో మోతాదు మించి తాగి, తెల్లవారేసరికి ఆ హోల్ దగ్గరే పడి ఉన్నాడని కథ. ఇంటికొకరు విదేశంలో ఉన్న కోస్తా ఊళ్ల నుంచి వచ్చిన మాకు ఈ చరిత్రలో ఆశ్చర్యపడవలసిందేమీ కనిపించలేదు, ఆ కుర్రవాడి తల్లి ఏమనుకుందో అన్న సందేహం తప్ప.

గురువారం, జూలై 25

ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ప్రతి హోల్‌నూ ఇన్ని స్ట్రోకుల్లో, అంటే దెబ్బల్లో, ముగించాలని ఒక లెక్క ఉంటుంది, దానిని పార్ అంటారు. ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, ఒకటి ఎక్కువైతే బోగీ. ఇక్కడ పద్దెనిమిది హోల్స్‌కు పార్ 72, కాబట్టి నాలుగు రోజులకు 288. అంతకంటే ఎన్ని తక్కువ స్ట్రోకుల్లో ముగిస్తే అంత పైన నిలుస్తారు.

ఉదయం మొదటి బృందాల వెంటే బయలుదేరాం. టెలివిజన్‌లో మనం ఎక్కువగా చూసే అమెరికా గోల్ఫ్‌లో బంతి ఆకాశంలోకి లేచి, నీళ్లు పట్టి మెత్తగా ఉంచిన గ్రీన్ మీద పడి, పడినచోటే ఆగుతుంది. ఇక్కడ అది కుదరదు. నేల గట్టిది, గాలి ఆగదు. అందువల్ల ఆటగాడు బంతిని గ్రీన్‌కు ఇరవై, ముప్పై గజాల ముందే దింపి, అక్కడి వాలును ఆసరా చేసుకుని దొర్లించుకుంటూ తీసుకుపోవాలి. బంతి నేల తాకాక దాని ప్రయాణంలో సగం మొదలవుతుందనవచ్చు. ముప్పై ఏళ్ల ఆటగాడు బలంతో గాలిని చీల్చి ఈ అవస్థను కొంత తప్పించుకోగలడు. యాభై అయిదేళ్ల ఆటగాడికి ఆ వెసులుబాటు లేదు. అతను నేలను చదవాలి.

నాలుగో హోల్ దగ్గర దీనికి మంచి ఉదాహరణ చూశాను. పేరున్నవాడు కాదు, సోమవారం జరిగిన అర్హత పోటీలో నెగ్గి వచ్చినవాడని పక్కనున్నవారు చెప్పారు. గ్రీన్‌కు చాలా దూరంలో ఉన్నాడు, కాని బంతిని ఎత్తుగా లేపే కర్ర తీసుకోలేదు. కేడీతో రెండు మూడు మాటలాడి, ఐరన్ అనే పొడవాటి కర్రతో బంతిని నడుమెత్తుకు మించకుండా కొట్టాడు. అది ఎడమ పక్కన ఉన్న ఒక గుబ్బ మీద పడి, కుడికి తిరిగి, తొందర లేకుండా దొర్లుతూ జెండాకు దగ్గరగా వెళ్లి ఆగింది. చప్పట్లు కొట్టింది బహుశా పదిహేను మందిమి. అంతవరకూ మొబైల్ చూసుకుంటున్న మా బావ దానిని జేబులో పెట్టేశాడు.

ఆరో హోల్‌కు 'హోగన్స్ ఆలీ' అని పేరు. అమెరికా ఆటగాడు బెన్ హోగన్ బ్రిటన్‌లో ఓపెన్ ఆడింది ఒక్కసారే, 1953లో, ఇక్కడే. అప్పటికి అతనికి నలభై ఏళ్లు. 1949లో బస్సు ఢీకొని ప్రాణం మీదకు వచ్చిన ప్రమాదం తరువాత అతని కాళ్లు మళ్లీ మామూలు స్థితికి రాలేదు. అయినా రెండు వారాల ముందే వచ్చి నేలంతా కొలిచినట్టు తిరిగి, 73, 71, 70, 68 స్కోర్లతో, అంటే రోజురోజుకూ మెరుగవుతూ, నాలుగు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఈ హోల్‌లో ఎడమ పక్క కంచె ఉంది. కంచె దాటితే హద్దు మీరినట్టే, శిక్షగా స్ట్రోకు పడుతుంది. ఫెయిర్‌వే (గ్రీన్ దాకా గడ్డి కత్తిరించిన దారి) మధ్యలో బంకర్లున్నాయి. బంకర్లకు కుడివైపు కావలసినంత చోటున్నా, అక్కడి నుంచి గ్రీన్‌కు మంచి దారి లేదు. హోగన్ కంచెకూ బంకర్లకూ నడుమ ఉన్న ఇరుకు సందులోకే కొట్టేవాడని చెబుతారు. గురువారం మేము అక్కడ చాలాసేపు కూర్చున్నాం. ఎక్కువమంది సీనియర్లు కుడివైపే వెళ్లారు. ఎడమకు ప్రయత్నించినవారిలో ఒకరి బంతి కంచెకు అడుగు దూరంలో ఆగినప్పుడు, అతను ఆ కంచె వైపూ బంతి వైపూ మార్చి మార్చి చూసి నవ్వేశాడు. ఆ నవ్వు కుర్రవాళ్ల పోటీల్లో కనబడదు. అక్కడ ఒక్క స్ట్రోకు మీద ఒక ఏడాది ఉద్యోగం ఆధారపడి ఉంటుంది.

సాయంత్రం పట్టణంలో చేపలు తిన్నాం. పక్కనున్న ఆర్‌బ్రోత్ ఊరు పొగబెట్టిన హ్యాడక్ చేపకు ప్రసిద్ధి. అన్నమూ చారూ ఉండి ఉంటే ఇంకా బాగుండేదని మా ఇద్దరి ఏకాభిప్రాయం.

శుక్రవారం, జూలై 26

రెండో రోజు పోటీ కంటే సాగనంపుడు ఎక్కువ. ముప్పై ఆరు హోల్స్ ముగిశాక ఒక గీత గీసి, దానికి దిగువన ఉన్నవారిని ఇంటికి పంపిస్తారు. దీనిని కట్ అంటారు. మధ్యాహ్నం నుంచి పద్దెనిమిదో గ్రీన్ పక్కన కూర్చుంటే ఇక రేపు ఆడబోనని తెలిసినవారు ఒకరి తరువాత ఒకరు టోపీ తీసి కేడీతో చేయి కలపడం కనబడుతుంది. తెల్లజుట్టు ఎంతమందికి ఉందో అప్పుడే తెలుస్తుంది. స్కోరు ఎంతైనా ప్రేక్షకులు అందరికీ ఒకే రకంగా చప్పట్లు కొట్టారు. ఇక్కడివారికి గోల్ఫ్ చూడటం తెలుసు. బంతి జెండాకు దూరంగా ఆగినా, అది కష్టమైన చోటు నుంచి వచ్చిందని గుర్తించి మెచ్చుకోవడం నాలుగైదు సార్లు గమనించాను.

శనివారం, జూలై 27

ఉదయం రైల్లో డండీ వెళ్లాం. గోల్ఫ్‌తో సంబంధం లేకపోయినా ఈ ఊరికి మనతో సంబంధం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచానికి గోనెసంచులు నేసి ఇచ్చింది డండీయే. ముడిజనుము బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చేది, గట్టి నారను మెత్తబరచడానికి ఇక్కడివారు వేటాడి తెచ్చిన తిమింగిలం నూనె వాడేవారు. తరువాత హుగ్లీ తీరాన మిల్లులు లేచాయి. వాటికి యంత్రాలూ మేనేజర్లూ డండీ నుంచే వెళ్లారు. ఆ మిల్లుల పోటీకి తట్టుకోలేక క్రమంగా డండీ మగ్గాలే మూతపడ్డాయి. హుగ్లీ మిల్లుల్లో పనికి టిటాగఢ్ వంటిచోట్లకు వలసపోయినవారిలో మన ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల తెలుగువారు చాలామంది ఉన్నారు. ఒకప్పటి మిల్లులోనే నెలకొల్పిన వెర్డంట్ వర్క్స్ ప్రదర్శనశాలలో యంత్రాలను నడిపి చూపిస్తారు. ఆ చప్పుడు వింటూ నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల గురించి మా బావ చిన్ననాటి కబుర్లు చెప్పాడు. నదిఒడ్డున ఉన్న వి అండ్ ఎ మ్యూజియంనూ, కెప్టెన్ స్కాట్ దక్షిణధ్రువ ప్రాంత యాత్రకు వాడిన డిస్కవరీ ఓడనూ బయటి నుంచే చూసి మధ్యాహ్నానికి కోర్సుకు తిరిగొచ్చాం.

మిగిలిన రోజంతా చివరి మూడు హోల్స్ దగ్గరే గడిపాం. గోల్ఫ్‌లో ఇంతకంటే కఠినమైన ముగింపు మరొకటి ఉందని నేననుకోను. పదహారోది పార్ మూడు హోల్. 2018 ఓపెన్‌లో దాని పొడవు 248 గజాలు. 1975లో టామ్ వాట్సన్ ఇక్కడ ఓపెన్ గెలిచినప్పుడు, నాలుగు రౌండ్లు, జాక్ న్యూటన్‌తో స్కోరు సమానమైనందుకు ఆడిన ప్లేఆఫ్ కలిపి అయిదుసార్లు ఈ హోల్ ఆడి, ఒక్కసారి కూడా పార్ చేయలేకపోయాడు. అయినా విజేత అయ్యాడు. పదిహేడోదానిలో బ్యారీ వాగు మెలికలు తిరిగి, బంతి దిగే చోటును దాదాపు దీవిలా చేస్తుంది. పద్దెనిమిదోదానిలో అదే వాగు మళ్లీ ఆటగాడి దారికి అడ్డం పడుతుంది, చివరిసారి సరిగ్గా గ్రీన్‌కు ముందు.

ఆ చివరి మలుపు దగ్గర ఒక చిన్న రాతి గోడ ఉంది. 1999లో మూడు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి హోల్‌కు వచ్చిన ఫ్రెంచి ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్, బంతి వాగులో పడితే, బూట్లూ మేజోళ్లూ విప్పి నీళ్లలోకి దిగింది ఇక్కడే. చివరికి కొట్టకుండా బయటికొచ్చాడు, కాని ఆ హోల్‌కు ఏడు స్ట్రోకులు పట్టి ప్లేఆఫ్‌కు దిగజారాడు. అందులో గెలిచింది, ఆ ఉదయం పది స్ట్రోకులు వెనకబడి ఉన్న స్కాట్లండ్ ఆటగాడు పాల్ లారీ. 2007లో పాడ్రిగ్ హారింగ్టన్ ఇదే హోల్‌లో రెండుసార్లు వాగులో పడేసి, అయినా ఆరు స్ట్రోకులతో బయటపడి, ప్లేఆఫ్‌లో సెర్జియో గార్సియాను ఓడించాడు. అందరూ వాన్ డి వెల్డ్‌ను మూర్ఖుడన్నట్టు మాట్లాడతారు. ఆ గోడ పక్కన నిలబడి గ్రీన్ వైపు చూస్తే, అతను చేసిన ప్రతి నిర్ణయానికీ ఆ క్షణంలో ఒక సమర్థన ఉండి ఉంటుందని తోస్తుంది. వాగు వెడల్పు చాలా తక్కువ. చూడగానే దాటేయవచ్చనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది.

ఆదివారం, జూలై 28

మొదటి స్థానం కోసం పోటీ ప్రధానంగా కొరియాకు చెందిన కె.జె. చోయ్‌కీ, ఆస్ట్రేలియాకు చెందిన ఎడమచేతి ఆటగాడు రిచర్డ్ గ్రీన్‌కూ మధ్య సాగింది. ఇద్దరికీ ఈ నేలతో పాత పరిచయమే. 2007 ఓపెన్ చివరి రోజున గ్రీన్ ఇక్కడ 64 కొట్టి నాలుగో స్థానం పంచుకున్నాడు. అదే ఓపెన్‌లో చోయ్ మొదటి రెండు రోజులూ 69 చొప్పున ఆడి ముందువరుసలో ఉండి, చివరికి ఎనిమిదో స్థానం పంచుకున్నాడు. పదిహేడేళ్ల తరువాత అదే వాగుల మధ్య అదే ఇద్దరు.

చోయ్ కథ చెప్పుకోదగినది. కొరియా దక్షిణ కొసన ఉన్న వాండో దీవిలో వరి రైతు కుమారుడు. చిన్నప్పుడు బరువులెత్తే క్రీడాకారుడు. ఆ శరీరం ఇప్పటికీ అలాగే ఉంది, భుజాలూ తొడలూ చూస్తే గోల్ఫర్ అనిపించడు. 2002లో న్యూ ఆర్లియన్స్‌లో గెలిచి, అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో విజయం సాధించిన మొదటి కొరియన్ అయ్యాడు. మొత్తం ఎనిమిది గెలుపుల్లో 2011 ప్లేయర్స్ చాంపియన్‌షిప్ పెద్దది. ఈ ఏడాది మే 19న, సరిగ్గా తన యాభైనాలుగో పుట్టినరోజున, జెజూ దీవిలో జరిగిన ఎస్.కె. టెలికాం ఓపెన్‌లో కుర్రవాళ్లను ఓడించి కొరియా టూర్‌లో అత్యధిక వయసు విజేతగా నిలిచాడు. అక్కడి ప్లేఆఫ్‌లో అతని బంతి నీటి మధ్యనున్న చిన్న గడ్డిదిబ్బ మీద ఆగి బతికిపోయింది. వాగులు అతనిపట్ల దయగా ఉన్న ఏడాది ఇది.

ఆదివారం అతని ఆరంభం బాగులేదు. మొదటి హోల్స్‌లోనే బోగీలు పడ్డాయి. మా పక్కనున్న పెద్దాయన, పట్టణంలో రిటైరై ఇక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తున్నవాడు, "తొందరపడకండి, పద్నాలుగోది రానివ్వండి" అన్నాడు. ఆ మాట విని ముందుగానే అక్కడికి నడిచాం. పద్నాలుగోదానికి 'స్పెక్టకిల్స్' అని పేరు. గ్రీన్‌కు ముందున్న గట్టులో కళ్లజోడులా రెండు బంకర్లు పక్కపక్కన తవ్వి ఉంటాయి. వాటి వెనుకనున్న గ్రీన్ రెండో స్ట్రోకు కొట్టే ఆటగాడికి కనబడదు. పార్ అయిదు కాబట్టి ధైర్యం చేసినవారికి రెండు స్ట్రోకుల్లో చేరే అవకాశం ఉంది, బంకర్లో పడితే మాత్రం ఆశలు వదులుకోవలసిందే. చోయ్ అక్కడ ఈగిల్ చేశాడు. బంతి రంధ్రంలో పడ్డాక అతను చెయ్యి కొంచెం ఎత్తి దించాడు, అంతే. గట్టు ఇవతలనున్న మాకు జనం కేక ముందు వినిపించి, సంగతి తరువాత తెలిసింది.

అక్కడి నుంచి చివరి మూడు హోల్స్‌కు చేరేసరికి లెక్క అతని పక్షాన ఉంది. అయినా నిన్న మేము చూసిన వాగు అక్కడే ఉంది. రెండు స్ట్రోకుల ఆధిక్యం ఇక్కడ భరోసా కాదని 1999 చూపించింది. చోయ్ ముగించేసరికి ఆ రోజు స్కోరు 70, మొత్తం 278, పార్ కంటే పది తక్కువ. రిచర్డ్ గ్రీన్ 280తో రెండో స్థానంలో, పార్ కంటే ఏడు తక్కువతో 2016 విజేత బ్రాడ్‌హర్స్ట్ మూడో స్థానంలో నిలిచారు. సీనియర్ల మేజర్ గెలిచిన మొదటి కొరియన్‌గా చోయ్ పేరు నమోదైంది.

గ్రీన్ ఓడిపోయాడనడం నాకు ఇష్టం లేదు. ఈ ఏడాది మే నెలలోనే సీనియర్ పీజీఏ చాంపియన్‌షిప్‌లోనూ అతను రెండో స్థానంలో ఆగిపోయాడు. బహుమతి ప్రదానం జరుగుతున్నప్పుడు గెలిచినవాడి కంటే ఎక్కువసేపు అతని వైపే చూశాను.

నా నమ్మకం ఏమైందంటే, చాలావరకు నిలిచింది. 2009లో టర్న్‌బెరీలో అరవైకి చేరువైన వాట్సన్ అసలు ఓపెన్‌లోనే చివరి హోల్‌లో పార్ చేస్తే చాలన్న స్థితికి వచ్చి, ప్లేఆఫ్‌లో స్టీవర్ట్ సింక్ చేతిలో ఓడాడు. 2008లో రాయల్ బర్క్‌డేల్‌లో గ్రెగ్ నార్మన్ 53 ఏళ్ల వయసులో మూడు రోజుల ఆట ముగిసేసరికి అందరికంటే ముందున్నాడు. ఇవి రెండూ సముద్రతీరపు కోర్సుల్లోనే జరగడం కాకతాళీయం కాదని ఈ వారం చూశాక ఇంకా గట్టిగా అనిపిస్తోంది. ఒక్క సవరణ మాత్రం చేసుకోవాలి. చోయ్ ఈగిల్‌లో నేలను చదవడం ఎంత ఉందో, బరువులెత్తిన ఆ భుజాల బలమూ అంతే ఉంది.

సీనియర్ ఓపెన్ విజేతకు మరుసటి ఏడాది అసలు ఓపెన్‌లో చోటు దక్కుతుంది. ఆ లెక్కన 2025 జూలైలో ఉత్తర ఐర్లండ్‌లోని రాయల్ పోర్ట్‌రష్‌లో, తనకంటే ముప్పై ఏళ్లు చిన్నవాళ్ల సరసన, మొదటి స్ట్రోకు కొట్టే అదే చోటు (టీ) నుంచి, అదే గాలిలో చోయ్ ఆడవచ్చు. ఎడిన్‌బరో రైల్లో మా బావ అప్పుడే పోర్ట్‌రష్ టికెట్ల ధరలు వెతకడం మొదలుపెట్టాడు.